పట్టికలో పేరు, పెద్దల నోట వంశం

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత పేర్ల పట్టికల సాయంతో కుటుంబ చరిత్రను ఎలా రాసుకోవాలో ఈరోజు మమ్మల్ని చెప్పమన్నారు. మొదలుపెట్టే ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాం. మీ తాత పేరు అందరికీ తెలుసు. ముత్తాత పేరు ఎంతమందికి తెలుసు? ముత్తవ్వ పేరు? ఆమె ఏ ఇంటి ఆడపడుచు, ఏ ఊరి నుంచి వచ్చింది? ఇక్కడికి వచ్చేసరికి చాలామందిమి ఆగిపోతాం. ఇంట్లో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది, మనం అడగలేదు అంతే. ఆ అడగడం ఎలా, విన్నదాన్ని కాగితంతో సరిచూసుకోవడం ఎలా అన్నదే ఈ పూట విషయం.

ముందు డైరెక్టరీల సంగతి. టెలిఫోన్ రాకముందే పెద్ద పట్టణాల్లో ఏటేటా ఒక లావుపాటి పుస్తకం అచ్చయ్యేది. ఏ వీధిలో ఏ ఇంట్లో ఎవరుంటారు, వాళ్ల పని ఏమిటి, ఏ దుకాణం ఎక్కడ అని అందులో ఉండేది. ఇంగ్లండులో కెల్లీ డైరెక్టరీలు, అమెరికాలో పోక్ డైరెక్టరీలు అలాంటివే. మన దేశంలో కలకత్తా నుంచి థ్యాకర్ డైరెక్టరీ, మద్రాసు నుంచి అసైలం ప్రెస్ ఆల్మనాక్ వచ్చేవి. విదేశాల్లో తమ తాతముత్తాతల చరిత్ర వెతుక్కునేవాళ్లు ఈ పుస్తకాలను చాలా వాడుకుంటారు. వాళ్ల పద్ధతి మనకూ పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాం.

వాళ్లు ఒక్క ఏడాది పుస్తకం చూసి ఊరుకోరు. వరసగా నాలుగైదేళ్లవి తీసి పక్కపక్కన పెట్టుకుంటారు. ఒక మనిషి పేరు ఏ ఏడాది మొదటిసారి కనబడింది, ఎప్పుడు ఇల్లు మారాడు, ఎప్పుడు పని మారింది, ఎప్పుడు పేరు లేకుండా పోయింది అని చూస్తారు. అమెరికా డైరెక్టరీల్లో భర్త పోయిన స్త్రీని ఫలానావారి వితంతువు అని రాసేవారు. నిరుడు భర్త పేరుండి ఈ ఏడు అలా కనబడితే, ఆయన ఈ మధ్యలోనే పోయాడని తెలుస్తుంది. పక్కిళ్లవాళ్లెవరో కూడా రాసుకుంటారు. బంధువులు దగ్గరదగ్గర ఉంటారు కదా. పేరు కనబడనంత మాత్రాన మనిషి లేడనుకోరు. పుస్తకం రాసినవాడు ఆ ఇంటికి వెళ్లలేదేమో, పేరు తప్పు రాశాడేమో అని అనుమానిస్తారు.

మరి ఆ పుస్తకాల్లో మన తాతలున్నారా? లేరనే చెప్పాలి. థ్యాకర్ డైరెక్టరీలో ఎక్కువగా యూరోపియన్ల పేర్లు ఉండేవి. వాళ్ల తర్వాత కొందరు భారతీయ వర్తకులు, ఉద్యోగులు. తేయాకు తోట పేరు, యజమాని పేరు, మేనేజరు పేరు అందులో ఉంటాయి. ఆకు కోసిన చేతుల పేర్లు ఉండవు. గంజాం, విశాఖ మన్యాల వైపు నుంచి అస్సాం తోటలకు వెళ్లిన సవర కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల మనుమలు ఈనాడు ఆ డైరెక్టరీ తెరిస్తే తాత పనిచేసిన తోట దొరకవచ్చు, తాత దొరకడు. అలాగని అది పనికిరాదని కాదు. తోట పేరు ముందు తెలిస్తే, ఆ తోట కాగితాలు ఎక్కడున్నాయో వెతకవచ్చు. ఒక పట్టిక మరో పట్టికకు దారి చూపిస్తుంది.

గెజిటీర్లు, పాత పరిశోధన పుస్తకాలు ఇంకో రకం. వాటిలో గోండులు ఇంతమంది, కొలాములు ఇంతమంది, కోయల ఆచారాలు ఇవీ అని ఉంటుంది. అక్కడ మనం తెగగా ఉన్నాం, పేరున్న మనుషులుగా లేం. అందుకే మన కుటుంబాల వరకు వచ్చేసరికి వేరే పట్టికలు చూడాలి.

మన ఊళ్లకు డైరెక్టరీ లాంటిది ఏదైనా ఉందంటే అది ఓటర్ల జాబితా. ఇంటి నంబరు వరసన పేర్లు, తండ్రి పేరో భర్త పేరో, వయసు, ఆడా మగా. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల కోసం దేశమంతా ఇలాంటి జాబితాలు తయారయ్యాయి. వయోజనులందరికీ ఓటు కాబట్టి, పట్టా లేని మనిషికీ, బడికి వెళ్లని మనిషికీ అందులో చోటు వచ్చింది. ఆ తర్వాత జాబితాను మళ్లీమళ్లీ సవరిస్తూ వచ్చారు. డైరెక్టరీని చదివినట్టే దీన్నీ చదవాలి. పాతది ఒకటి, పదేళ్ల తర్వాతది ఒకటి, ఇంకో పదేళ్ల తర్వాతది ఒకటి పక్కన పెట్టుకోండి. కొత్తగా చేరిన కోడలు కనబడుతుంది. వేరుపడిన తమ్ముడి ఇల్లు కనబడుతుంది. వలస వెళ్లిన కుటుంబం ఎప్పుడు వెళ్లిందో అందాజుగా తెలుస్తుంది.

దీనిలోనూ రెండు జాగ్రత్తలున్నాయి. వయసును నమ్మకండి. 30, 35, 40 అని గుండ్రంగా రాసిన వయసులే ఎక్కువ. మనిషిని చూసి రాసినవి అవి. రెండోది ఆడవాళ్ల పేర్లు. తొలి ఎన్నికలప్పుడు చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాయించుకున్నారు. సొంత పేరు లేకపోతే కుదరదని ఎన్నికల సంఘం అలాంటి దాదాపు 28 లక్షల మందిని జాబితాల నుంచి తీసేసింది. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లే. అయినా మనం నేర్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. జాబితాలో అవ్వ పేరు లేకపోతే అవ్వ లేదని కాదు. ఆమె పేరు కాగితం మీద కాక ఇంకెక్కడో ఉంది. ఆ ఇంకెక్కడో అంటే ఇంట్లోని ముసలివాళ్ల జ్ఞాపకం.

జనాభా లెక్కల్లో అందరి పేర్లూ రాస్తారు కదా, అవి చూడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 1948 నాటి జనాభా లెక్కల చట్టం ప్రకారం ఇంటింటి కాగితాలు ఎవరికీ చూపరు. బయటికి వచ్చేవి మొత్తం సంఖ్యలే. అయితే 1961 జనాభా లెక్కల సమయంలో ఎంచుకున్న కొన్ని గ్రామాల మీద విడిగా పుస్తకాలు వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాటిలో గిరిజన గ్రామాలవీ ఉన్నాయి. మీ ఊరో, మీ అమ్మమ్మ ఊరో అందులో ఉంటే అప్పటి ఇళ్లు, పంటలు, పండుగలు, అప్పులు అన్నీ తెలుస్తాయి.

ఇక భూమి కాగితాలు. తెలంగాణ ప్రాంతంలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్యమైనది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగులో ఉన్నవారి పేరు అందులో ఉంటాయి. పట్టాదారు గడిలో తాత పేరు లేదని పుస్తకం మూయకండి. సాగుచేసేవారి గడి చూడండి. భూమి దున్నిన మనిషి ఒకరు, పట్టా ఉన్న మనిషి ఒకరు అయిన ఊళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ముందు, వెనక ఉన్న సర్వే నంబర్లు కూడా రాసుకోండి. అన్నదమ్ములు, వియ్యంకులు పక్కపక్క చేనుల్లో ఉండడం మామూలే. ఆంధ్ర ప్రాంతంలోనైతే ఈ పని అడంగల్‌తో జరుగుతుంది.

పాత కాగితాల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. కంగారుపడకండి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే సుమారుగా మనం వాడే సంవత్సరం వస్తుంది. ఫసలీ 1350 అంటే 1940-41. గిరిజన ప్రాంతాల కోసం నిజాం ప్రభుత్వం చేసిన 1356 ఫసలీ రెగ్యులేషన్ పేరు పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. అది 1946 నాటిది. నిజాం కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. ఆదిలాబాద్ వైపు కొన్ని మరాఠీలో కూడా ఉంటాయి. చదవలేకపోతే ఫొటో తీసుకుని, ఊళ్లో ఉర్దూ, మరాఠీ తెలిసిన పెద్దమనిషి దగ్గరకు వెళ్లండి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో నిజాం కాలపు రికార్డులు పెద్ద ఎత్తున ఉన్నాయి.

సరిహద్దులు మారిన సంగతి మరిచిపోకండి. 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు అప్పటి ఆదిలాబాద్ జిల్లా నుంచి కిన్వట్, రాజూరా ప్రాంతాలు అటువైపు పోయాయి. ఇప్పుడు అవి మహారాష్ట్రలో నాందేడ్, చంద్రాపూర్ జిల్లాల్లో ఉన్నాయి. మన మేనమామల ఊళ్లు, మన ఆడపడుచుల ఊళ్లు ఎన్నో అక్కడ ఉన్నాయి. తాత అక్కడ పుట్టి ఉంటే ఇక్కడి తహసీల్ ఆఫీసులో ఎంత వెతికినా దొరకడు. అక్కడ భూమి కాగితాన్ని సాత్‌బారా అంటారు, దాన్ని అడగాలి. 2016లో మన జిల్లా కూడా నాలుగు జిల్లాలైంది. కాబట్టి ముందు పాత తాలూకా పేరు తెలుసుకుని, ఆ తర్వాత ఆఫీసుకు వెళ్లండి.

బడి రిజిస్టరు ఇంకొకటి. మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఊళ్లలో బడులు నడిపారు. తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. బడి ప్రవేశ రిజిస్టరులో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, తెగ ఉంటాయి. పుట్టిన తేదీ మాత్రం చాలాసార్లు పంతులుగారు వేసిన అంచనా. ఒకే ఊరి పిల్లలు పదిమందీ ఒకే నెలలో పుట్టినట్టుంటే అది పంతులుగారి తేదీ అని తెలుసుకోండి. తేదీ అందాజు అయినా తండ్రి పేరు, ఊరు పేరు మనకు పనికొస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. పేరు. మన ఇంటిపేర్లను రాసినవాళ్లు మన భాష తెలిసినవాళ్లు కారు. విన్నది విన్నట్టు వాళ్ల లిపిలో రాశారు. మన వీరుడి పేరే చూడండి. కుమ్రం భీము, కొమురం భీం, కొమరం భీమ్ అని ఎన్ని రకాలుగా చదివాం! జిల్లాకు పేరు పెట్టాక కూడా ఆ రాతలు ఒకటి కాలేదు. ఇక్కడ మెస్రం, అటువైపు మేశ్రాం. ఆత్రం, అత్రాం. కొన్ని చోట్ల ఇంటిపేరు వదిలేసి గోండు భీము, కోయ లచ్చు అని తెగనే ఇంటిపేరు చేశారు. కాబట్టి వెతికేటప్పుడు ఒక్క రాతనే పట్టుకుని కూర్చోకండి. పేరును గట్టిగా పలికి, అది ఎన్ని విధాలుగా వినబడుతుందో అన్ని విధాలుగా రాసుకుని వెతకండి.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. ఒకే ఊళ్లో ఇద్దరు భీములు, ముగ్గురు సోములు ఉంటారు. ఇంటిపేరు కూడా ఒకటే అయి ఉండవచ్చు. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లంతా ఒకే తాత మనుమలు కారు. గోండుల ఇంటిపేర్లే మన ప్రధాన్ సోదరుల్లోనూ ఉంటాయి. అందువల్ల పేరు ఒక్కటే చూసి ఈయనే మా ముత్తాత అని తేల్చేయకూడదు. తండ్రి పేరు కలవాలి, ఊరు కలవాలి, చేను కలవాలి. ఆపైన కాగితంలో లేనివి కలవాలి. ఎన్ని దేవతల సగ, పెర్సపేన్ ఏ ఊళ్లో ఉంది, పిల్లనిచ్చిన ఇల్లేది, తెచ్చుకున్న ఇల్లేది. వీటిని ఏ గుమాస్తా రాయలేదు. వీటిని చెప్పగలిగింది మన పెద్దలే.

నిజానికి మనకు డైరెక్టరీ లేదనడం కూడా సరికాదు. కాగితం మీద లేదు, అంతే. ప్రధాన్లు కిక్రి వాయిస్తూ తమ దాతల వంశగాథలు తరతరాలుగా పాడుతూ వచ్చారు. ఏ ఇంటికి ఏ ప్రధాన్ అన్నది కూడా వరసగా వచ్చేదే. కేస్లాపూర్ చూడండి. పుష్య అమావాస్యకు నాగోబా దగ్గర మెస్రం వంశంవాళ్లంతా కలుస్తారు. ఆ ఏడు వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడి ముందుకు తెచ్చి పరిచయం చేస్తారు. దాన్నే భేటింగ్ అంటాం. పట్నంలోని డైరెక్టరీ ఏడాదికోసారి కొత్త పేర్లు చేర్చుకున్నట్టే, మన వంశం కూడా ఏడాదికోసారి కొత్త మనిషిని చేర్చుకుంటోంది. తేడా ఏమిటంటే, ఆ పుస్తకం ఇంటి యజమానిని లెక్కపెట్టింది. ఇక్కడ కోడలిని పిలిచి, అందరి ఎదుట నిలబెట్టి, నువ్వు మా మనిషివి అన్నారు. 28 లక్షల పేర్లు పోయిన జాబితాల గురించి విన్నాక ఈ ఆచారం విలువ మీకే తెలుస్తుంది.

కాబట్టి మేము చెప్పేది ఇది. కాగితం ఒక్కటే చాలదు, ఎందుకంటే దాన్ని రాసినవాళ్లకు కావలసినవాళ్లనే రాసుకున్నారు. జ్ఞాపకం ఒక్కటే చాలదు, ఎందుకంటే అది మనిషితో పాటు పోతుంది, దానికి సంవత్సరాలు తెలియవు. రెండింటినీ కలిపి చదివితేనే కుటుంబ చరిత్ర అవుతుంది.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ల సరదా అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం చదవండి. హక్కు కోరేటప్పుడు ఏయే ఆధారాలు చూపవచ్చో అందులో ఉంది. గెజిటీర్లు, సర్వే సెటిల్‌మెంట్ నివేదికలు, పటాలు, పూర్వపు సంస్థానాల రికార్డులు, ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటిపన్ను రసీదు ఉన్నాయి. ఇళ్లు, కట్టలు, బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. వీటితో పాటు వంశవృక్షం ఉంది. పాత భూమి రికార్డుల్లో పేరున్న మనిషికో, వెనకటి కాలంలో ఆ ఊరి నివాసిగా గుర్తింపు పొందిన మనిషికో మన వంశం ఎలా కలుస్తుందో చూపే వంశవృక్షం. హక్కుదారు కాని పెద్దలు చెప్పిన వాంగ్మూలం రాసిపెట్టినది కూడా ఉంది.

అంటే మన అవ్వ చెప్పిన మాటకు చట్టంలో చోటుంది. అయితే ఒక్క ఆధారంతో తేల్చరు, ఒకటికి మించి చూస్తారు. అందుకే పహాణీలో పేరు, ఓటర్ల జాబితాలో ఇల్లు, శ్మశానంలో తాత రాయి, అవ్వ వాంగ్మూలం ఒకదాన్నొకటి బలపరచేలా ఉండాలి. గడువు తేదీ దగ్గర పడ్డాక ఇవన్నీ ఒక్క వారంలో దొరకవు. చెప్పే అవ్వ అప్పటికి ఉంటుందో లేదో కూడా మన చేతిలో లేదు.

మరి పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లోనే. ముందుగా ఇంట్లో అందరికంటే పెద్ద వయసు మనిషి దగ్గర కూర్చోండి. ఫోన్ రికార్డు పెట్టే ముందు అడిగి పెట్టండి. గోండిలోనే, కొలామీలోనే, వాళ్ల నోటికి వచ్చిన భాషలోనే చెప్పనివ్వండి. ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేరు. భీము పోరాటం అప్పటికి పుట్టావా, కరువు వచ్చిన ఏడా, ఊరు లేచి ఇక్కడికి రాకముందా అని అడగండి, అప్పుడు చెబుతారు. ప్రతి మగవాడి పేరుతో పాటు అతని భార్య పేరు, ఆమె పుట్టింటి పేరు, ఊరు తప్పకుండా రాయండి. ఆడవాళ్ల వైపు వదిలేస్తే సగం వంశమే రాసినట్టు.

తర్వాత ఇంట్లో పెట్టెలో ఉన్న కాగితాలన్నీ ఫొటో తీయండి. తహసీల్ ఆఫీసులో పహాణీ నకలుకు దరఖాస్తు పెట్టండి. పాత ఓటర్ల జాబితా కోసం కలెక్టరేటులోని ఎన్నికల విభాగంలో అడగండి. నోటిమాటగా అడిగితే జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద కాగితం మీద అడగండి. దొరికిన ప్రతి కాగితం వెనక అది ఎక్కడ, ఏ తేదీన, ఏ పుస్తకంలో దొరికిందో రాయండి. అది రాయని కాగితం రేపు ఎవరికీ ఆధారం కాదు. పెద్దలు చెప్పింది ఒక రంగులో, కాగితంలో ఉన్నది ఇంకో రంగులో రాస్తే రెండూ కలగలిసిపోవు. రెండూ పొసగకపోతే ఏదీ కొట్టేయకండి, రెండూ ఉంచండి.

చివరిగా ఒక హెచ్చరిక. ఇంటి సంగతులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు అసలే పెట్టకండి. వంశంలో రెండో పెళ్లిళ్లు, ఇల్లు విడిచి వెళ్లినవాళ్లు, తగాదాలు అన్నీ బయటపడతాయి. అవి తెలుసుకోవడం వేరు, నలుగురిలో చెప్పడం వేరు. చెప్పిన పెద్దల అనుమతి లేనిదే ఏదీ ఊరి ముందు పెట్టకూడదు.

వచ్చే దసరా సెలవుల్లో మీ ఊళ్లకు వెళతారు. ఒక నోటు పుస్తకం తీసుకెళ్లండి. మొదటి పేజీలో మీ పేరు కాదు, అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు, వాళ్ల అమ్మల పేర్లు రాయండి. నాలుగు పేర్లు పూర్తయితే మంచి మొదలు. పూర్తికాకపోతే ఎవరిని అడగాలో తెలుసుకుని మళ్లీ వెళ్లండి. మీరు తెచ్చిన పుస్తకాలను వచ్చే సమావేశంలో కూర్చుని అందరం కలిసి సరిచూద్దాం.

సేవా జోహార్.